చేప తూకం అడగకుండా ఆర్డర్ చేశాం

సముద్రం పక్కన మూడు రోజులు ఉన్నాం. రెండు రాత్రుల గది అద్దెకు సరిపోయే డబ్బు ఒక్క పూట భోజనానికి పెట్టాం. తిరిగొచ్చాక అందరూ అడిగేది ఒకటే: అంత ఖరీదైన సీఫుడ్ రెస్టారెంట్‌కి వెళ్లడం దండగా, కాదా? సగం దండగే. మిగతా సగానికి మాత్రం మళ్లీ వెళ్తాను.

ముందు ఆయిస్టర్లు, అదే ఆల్చిప్పలు తెప్పించుకున్నాం. కౌంటర్ వెనకాల ఒకతను చేతికి గుడ్డ చుట్టుకుని, పొట్టి కత్తిని చిప్పల కీలు దగ్గర దూర్చి మణికట్టు తిప్పుతాడు. టక్కున ఊడుతుంది. లోపలి ఉప్పునీళ్లు ఒలకకుండా మంచు మీద సర్ది పంపిస్తాడు. తెరవకముందే నోరు తెరుచుకుని, తట్టినా మూసుకోనిది చచ్చిందని లెక్క, తినకూడదు. మాకొచ్చిన ఆరింటిలో ఒక్కదానికీ నీచు వాసన లేదు. మొదట మొహం తిప్పుకున్న మా ఆవిడే నాలుగు తినేసింది.

చేప దగ్గర బోల్తా పడ్డాం. మెనూలో దాని ఎదురుగా అంకె లేదు, 'ఈ రోజు మార్కెట్ ధర' అని ఉంది. వెయిటర్ పళ్లెంలో చేపను తెచ్చి చూపించాడు. కళ్లు ఉబ్బెత్తుగా మెరుస్తున్నాయి. నేనేదో బాగా తెలిసినవాడిలా మొప్ప ఎత్తి, ఎర్రగా ఉందని చూసి సరే అన్నాను. తూకం ఎంతో మాత్రం అడగలేదు. అక్కడ ధర వంద గ్రాములకి. తూచేది తల, తోక, ముల్లుతో సహా. చేపలో తినే కండ సుమారు సగమే, లాబ్‌స్టర్‌లో అయితే నాలుగో వంతు వచ్చినా గొప్పే. చెప్పిన ధరను కనీసం రెట్టింపు చేసుకుంటే గానీ మన నోట్లోకి వెళ్లే ముక్క ఖరీదు తెలియదు.

వండిన చేతికి మాత్రం దండం పెట్టాలి. చేప కండ మెత్తన. ఒక్క నిమిషం ఎక్కువైతే చాలు, పీచులా ఎండిపోతుంది. మాకొచ్చినదాని చర్మం కరకరలాడుతోంది, ఫోర్క్ తగలగానే కండ పొరలు పొరలుగా విడిపోయింది. ఇంట్లో నేను చేస్తే ఈ రెండూ ఒకేసారి ఎప్పుడూ కుదరలేదు.

స్కాలప్స్, అంటే ఆల్చిప్పల్లాంటి చిప్పల్లో ఉండే గుండ్రటి తెల్ల కండ, తేలిపోయాయి. పైన ఎరుపు పట్టలేదు, పళ్లెం అడుగున తెల్లటి నీళ్లు. నీళ్లు పీల్చుకుని బరువెక్కేలా ఫాస్ఫేట్ అనే లవణం కలిపిన నీళ్లలో నానబెట్టినవి పెనం మీద ఇలాగే నీళ్లు వదులుతాయి. అదే అడిగాను. మేనేజర్ అవునూ అనలేదు, కాదూ అనలేదు. బిల్లులోంచి మాత్రం ఆ ఐటం తీసేశాడు.

పక్క టేబుల్ ఆయన గొడవ వేరే. పచ్చిగా వడ్డించే సాల్మన్ చేప ముందే ఫ్రీజ్ చేసిందని వెయిటర్ చెప్పగానే మోసపోయినట్టు మొహం పెట్టాడు. నిజానికి అందులో మోసమేమీ లేదు. చేపలో ఉండే పరాన్నజీవులు చావడానికి మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు ఉంచాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ నిబంధనల్లోనే ఉంది.

ఇక కిటికీ పక్క టేబుల్. దానికోసం మూడు రోజుల ముందే బుక్ చేసుకున్నాం. చీకటి పడ్డాక అద్దంలో సముద్రం లేదు, మా మొహాలే ఉన్నాయి. అడగని బ్రెడ్ బుట్ట, నీళ్ల సీసా కూడా బిల్లులోకి ఎక్కాయి. అవి వద్దని మొదటే చెప్పాల్సింది.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అక్కడికే వెళ్లాం. ఈసారి టేబుల్ వద్దన్నాం. కౌంటర్ ముందు ఎత్తు కుర్చీల్లో కూర్చుని, అతను కత్తి తిప్పడం చూస్తూ డజను ఆల్చిప్పలు తిన్నాం. బిల్లు రాత్రి కట్టినదాంట్లో ఆరో వంతు కూడా కాలేదు. ఇంతలో వెయిటర్ ఎవరికో చూపించడానికి పళ్లెంలో చేప పట్టుకెళ్తున్నాడు. మా ఆవిడ అతన్ని ఆపి, "ఇది ఎంత తూగింది బాబూ?" అంది.