త్లకోతాల్పన్‌లో మూడు రాత్రులు

ముందుగా గది సంగతి చెప్పేస్తాను. లేకపోతే ఆ కోపం ప్రతి పేరాలోకీ దూరుతుంది.

మెక్సికోలోని వెరాక్రూజ్ రేవు నుంచి బస్సులో రెండు గంటలకు పైగా వెళితే, పాపలోఆపన్ నది ఒడ్డున త్లకోతాల్పన్ అనే చిన్న ఊరు వస్తుంది. 1998లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఊరు. ఫిబ్రవరి 2న అక్కడ కందెలారియా మాత (మేరీమాత) ఉత్సవం. మాత విగ్రహాన్ని పడవల మీద నదిలో ఊరేగిస్తారు. ఆ రోజులకే, తేదీలు చెప్పి మరీ, రెండు నెలల ముందు ఫోనులో గది మాట్లాడుకున్నాను. రాత్రికి 900 పెసోలు, అడ్వాన్సు 500. పెసో అంటే మన డబ్బులో నాలుగైదు రూపాయలు. తీరా సామానుతో గుమ్మంలో నిలబడ్డాక యజమాని 2,200 అన్నాడు. "ఉత్సవం కదా, సెన్యోరా!" ఉత్సవమని తెలిసే కదా నేను అడిగింది, తెలిసే కదా ఆయన ఒప్పుకున్నది! ఊళ్ళో ఇంకెక్కడా గది లేదని నాకంటే ఆయనకే బాగా తెలుసు. అడ్వాన్సును అద్దెలో తగ్గించమంటే, అది గది పాడుచేయకుండా పెట్టుకున్న డిపాజిట్ అనీ, వెళ్ళాక పంపిస్తాననీ కొత్త మాట చెప్పాడు. రసీదు లేదు.

ఇంత పోసిన గది కిటికీ కిందనే బీరు దుకాణం, దానికి మనిషెత్తు లౌడ్‌స్పీకర్లు. తెల్లవారుజామున నాలుగింటి దాకా గోడలు అదిరాయి. మా అత్తగారు చెవుల్లో దూది పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నారు. "సంగీతం వినిపిస్తానని తీసుకొచ్చావు, వినిపిస్తూనే ఉంది" అన్నది ఆ రాత్రి ఆవిడ మాట్లాడిన ఒకే ఒక్క వాక్యం.

ఆవిడ రాజమండ్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు వీణ నేర్పారు. హ్యూస్టన్‌లో మా ఇంటికి వచ్చి విసుగెత్తి ఉంటే బయలుదేరదీశాను. అమెరికా విజిటర్ వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు. వెరాక్రూజ్‌లో రెండు రోజులు ఏ చిక్కూ లేకుండా గడిచిపోయాయి. సాయంత్రం కూడలిలో వయసు మళ్ళిన జంటలు క్యూబా నుంచి వచ్చిన దాన్సోన్ నాట్యం ఆడతారు. పల్లవి తిరిగి వచ్చినప్పుడల్లా అడుగులు ఆపి, నిలబడి విసనకర్రలతో విసురుకుంటారు. ఆ మర్యాద అత్తగారికి నచ్చింది.

రెండో రాత్రి ఆ గదిలో ఉండలేక పదకొండింటికి వీధిలోకి వచ్చాం. పెద్ద వేదిక మీద జరానా అనే చిన్న గిటారులాంటి వాద్యం వాయించేవాళ్ళ సమ్మేళనం జరుగుతోంది. 1970ల చివర మొదలైన సమ్మేళనమిది, టికెట్టు లేదు. బాగానే ఉంది కానీ మైకుల్లో అన్ని వాద్యాలూ ఒకేలా వినిపించాయి. నా సలహా: అక్కడ అరగంట చాలు. తర్వాత పక్క సందుల్లో నేలమీద చెక్క పీట ఎక్కడ వేశారో వెతకండి.

ఆ పీట పేరు తరీమా. దాని మీద ఆడేవాళ్ళ అడుగుల చప్పుడే మద్దెల. చుట్టూ జరానాలు, పొడవాటి కొమ్ముపుల్లతో మీటే రెకింతో, ఎనిమిది పలకల కంజిర, ఒకతని చేతిలో ఎండిన గాడిద దవడ! గుద్దితే పళ్ళు గలగలమంటాయి. "రామ రామ" అని ఒక అడుగు వెనక్కి వేసిన అత్తగారు, పది నిమిషాల్లో రెండు అడుగులు ముందుకు జరిగారు. ఒకరు చరణం ఎత్తుకుంటే మరొకరు జవాబు పాడతారు. మాటలు వినిపించాలని ఆడేవాళ్ళు అప్పుడు మెల్లగా అడుగులు వేసి, పాట ఆగగానే పీట విరిగేలా తొక్కుతారు.

ఆవిడ వేళ్ళు తొడమీద లెక్కపెట్టడం చూశాను. "ఆరు మాత్రలే. కానీ ఆ అబ్బాయి రెండు మూళ్ళు వాయిస్తున్నాడు, ఆ పిల్ల కాళ్ళు మూడు రెళ్ళు వేస్తున్నాయి. ఇద్దరూ సమం దగ్గర కలుస్తున్నారు చూడు!" సమం అంటే తాళం మొదటి దెబ్బ. సోన్ హరోచో అనే ఈ ప్రాంతపు జానపద పాటల్లో చాలావాటి కిటుకు అదే. ప్రపంచమంతా తెలిసిన 'లా బాంబా' పుట్టిందీ ఈ ప్రాంతంలోనే, అది మాత్రం చతురశ్రంలో, అంటే నాలుగు మాత్రల లెక్కలో నడుస్తుంది. 1958లో రిచీ వాలెన్స్ దాన్ని రాక్ పాటగా మార్చాడు. ఇక్కడ అది పెళ్ళిపాట. జంట పొడవాటి రిబ్బను నేలమీద పరిచి, చేతులు వాడకుండా పాదాలతోనే ముడి వేస్తారు. ముడి పడినప్పుడు అత్తగారు చప్పట్లు కొట్టారు. మూడున్నరకు నేనే బతిమాలి వెనక్కి తీసుకొచ్చాను.

శాకాహారులకు ఒక మాట. నల్ల చిక్కుళ్ళ ముద్దలో చాలాచోట్ల పంది కొవ్వు వేస్తారు, "సిన్ మంతేకా" (కొవ్వు లేకుండా) అని అడగండి. మాకు వేయించిన అరటిపండ్లు, అన్నం, 85 పెసోల ప్లేటు మూడు రోజులూ దిక్కయింది. తోరీతో అనే వేరుశనగ పానీయం రుచి చూడబోయేరు, అందులో చెరకు సారా ఉంటుంది. అత్తగారికి సగం గ్లాసు అయ్యాక తెలిసింది. మిగతా సగం నేను తాగాను.

ఒకే దుంగను తొలిచి చేసిన జరానా 3,400 పెసోలకు కొన్నాం. నాలుగు వేలన్నవాణ్ణి ఆవిడే తెలుగులో బేరమాడి దింపారు. ఇప్పుడది మా హాల్లో ఉంది, రోజూ తీగలు సవరిస్తున్నారు.

డిపాజిట్ 500 మాత్రం ఇంకా రాలేదు. మూడు సందేశాలు పంపాను. మూడింటికీ బొటనవేలు బొమ్మ జవాబుగా వచ్చింది.