ఇసుకలో పాతే గుడ్డ యాంకర్లు: చాలాకాలం వాడాక నా మాట

బీచ్‌లో టెంటు వేయబోయేవాళ్లకి ముందుగా నేను చెప్పేది ఒక్కటే, టెంటుతో వచ్చే ఆ సన్నటి పెగ్గుల మీద ఆశ పెట్టుకోకండి. గట్టి నేలలో గూటంతో కొడితే తప్ప దిగని పెగ్గు పొడి ఇసుకలో బొటనవేలితో నొక్కితే దిగిపోతుంది, రెండు వేళ్లతో లాగితే వచ్చేస్తుంది. మట్టికి ఉండే జిగట పొడి ఇసుకకి లేదు, ఉన్నదల్లా దాని బరువూ, రేణువుల మధ్య రాపిడీ. అందుకే ఇసుకలో ఏదైనా నిలవాలంటే అది సన్నగా కిందికి దిగేది కాకుండా వెడల్పుగా అడ్డం పడేది అయి ఉండాలి.

నేను వాడుతున్న యాంకర్లు, అంటే టెంటు తాళ్లని ఇసుకలో పట్టి ఉంచేవి, చదరపు గుడ్డ ముక్కలు. నాలుగు మూలల నుంచి పట్టీలు వచ్చి ఒకచోట కలుస్తాయి, అక్కడ తాడు కట్టాలి. గుంట తీసి, గుడ్డ పరిచి, ఇసుక నింపి, పైన మళ్లీ ఇసుక కప్పి కాళ్లతో తొక్కేయడమే. ఖాళీగా ఉన్నప్పుడు జేబులో పడతాయి, బరువు తెలియనే తెలియదు. ఇవంటే నాకు ఎంత ఇష్టమో చెప్పాలంటే, ఇవి లేకుండా సముద్రం ఒడ్డున రాత్రి పడుకోమంటే నాకు నిద్ర పట్టదు.

వీటి బలమంతా పాతడంలోనే ఉంది. లీటరు పొడి ఇసుక సుమారు కిలోన్నర తూగుతుంది, కాబట్టి గుడ్డలో పట్టేది ఏ ఐదారు కిలోలో. అదే సంచిని ఇసుక మీద పెట్టి తాడు లాగితే ఈడ్చుకుంటూ వచ్చేస్తుంది. ఒక అడుగు, అడుగున్నర లోతున పాతితే మాత్రం, అది బయటికి రావాలంటే తన పైనా ముందూ ఉన్న ఇసుకనంతా ఎత్తుకుని రావాలి. ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగినా కదలదు. ఇంకో సంగతి, గుంట నుంచి టెంటు వైపు తాడు పోయే దారిలో సన్నటి గాడి కూడా తీయాలి. లేకపోతే తాడు ఇసుకలో వంపు తిరిగి ఉంటుంది, గాలి లాగినకొద్దీ ఇసుకని కోసుకుంటూ తిన్నగా అవుతుంది, ఆ మేరకు పైన వదులైపోతుంది. యాంకరే లేచి వస్తోందని చాలామంది కంగారు పడేది ఇక్కడే, నిజానికి అది ఉన్నచోటే ఉంటుంది.

వీటి అసలు సత్తా తెలిసిన రాత్రి గురించి కాస్త వివరంగా చెప్పాలి. పగలంతా గాలి సముద్రం మీద నుంచి వస్తోంది కాబట్టి టార్పాలిన్ వీపు అటు పెట్టి, నోరు నేల వైపు ఉంచాం. సముద్రం వైపు రెండు మూలలకీ గుడ్డ యాంకర్లు, నేల వైపు ఒక మూలకి గుడ్డ యాంకరు, మిగిలిన మూలకి మాతో వచ్చినవాళ్లు తెచ్చిన ప్లాస్టిక్ మర పెగ్గు, స్క్రూలా తిప్పి దింపేది. పొద్దుగూకాక గాలి పడిపోయింది, కాసేపటికి నేల వైపు నుంచి సన్నగా మొదలైంది. అది మామూలే, రాత్రిపూట నేల సముద్రం కన్నా తొందరగా చల్లబడుతుంది, గాలి అటు నుంచి ఇటు తిరుగుతుంది. కానీ అటు వైపే ఉరుముల మేఘం ఒకటి కట్టుకుంటూ వచ్చింది, దాని కింద నుంచి చల్లగాలి ఒక్కసారిగా దూసుకొచ్చి తెరిచి ఉన్న నోట్లోకి కొట్టింది. టార్పాలిన్ తెరచాపలా ఉబ్బిపోయింది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు అవుతుందని చదివినప్పుడు అంకెలా ఉంటుంది, చేతిలో తాడు పట్టుకున్నప్పుడు తెలుస్తుంది అదేంటో.

ముందు పోయింది మర పెగ్గు. పోతే పోయింది, తాడు చివర వేలాడుతూ మనుషులున్న ఎత్తులో గిర్రున తిరగడం మొదలుపెట్టింది. అది ఎవరి కంటికి తగులుతుందోనన్న టెన్షన్‌తో తాడు దొరకబుచ్చుకుని దాని మీద కూర్చున్నాం. ఆ లోపల రెండో మూల టప్‌మంది. యాంకరు లేచిందనుకుని టార్చి వేసి చూస్తే తొక్కిన కాళ్ల గుర్తులు కూడా చెదరలేదు, తాడు అలాగే ఇసుకలోకి దిగి ఉంది, దాని పైచివర టార్పాలిన్ ఇత్తడి రింగు ఒక్కటే మిగిలి ఉంది. గుడ్డ చిరిగి రింగు ఊడొచ్చింది గానీ యాంకరు మాత్రం రాలేదు. తర్వాత వాన పడి ఇసుక తడిసింది, పొద్దున దాన్ని తవ్వి తీయడానికి ఇద్దరం పట్టాం. తడి ఇసుకలో రేణువుల మధ్య ఉండే పలచటి నీటి పొర వాటిని ఒకదానికొకటి లాగి పట్టుకుంటుంది, పొడి ఇసుకకి లేని పట్టు అప్పుడు వస్తుంది.

ఆ రాత్రికి ముందు 'ఇవి ఉంటే ఇక దిగుల్లేదు' అని అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు అంత మాట అనను. కింద కదలకపోతే ఆ లాగుడంతా పైన ఏది బలహీనంగా ఉంటే దాని మీద పడుతుంది. అందుకని రింగులకి కట్టడం మానేశాను. మూలకి కొంచెం లోపలగా గుడ్డ కింద నున్నటి గులకరాయి పెట్టి, గుడ్డని దాని చుట్టూ కుచ్చులా పట్టి, ఆ మెడ దగ్గర తాడు బిగిస్తున్నాను. లాగుడు ఒక్క కన్నం మీద కాకుండా గుడ్డంతా పంచుకుంటుంది. తాళ్లు కూడా నైలాన్ తీసేసి పాలిస్టర్ వేశాను, నైలాన్ తడిస్తే సాగుతుంది, అర్ధరాత్రి లేచి మళ్లీ బిగించాలి.

లోపాలూ ఉన్నాయి. ఇసుక రేణువులు గట్టివి, పట్టీలు కలిసేచోట కుట్లని మెల్లగా కొరికేస్తాయి. నావాటిలో ఒకదాని దారం పోగులు లేచిపోతే మళ్లీ కుట్టించాను. ఎంత దులిపినా మడతల్లో ఇసుక మిగులుతుంది, అది వెళ్లి టెంటు జిప్పుల్లో పడుతుంది. అలలు తడిపే ఒడ్డుకి దగ్గరగా పాతితే లాభం లేదు, నీళ్లు నిండిన ఇసుక జావలా వదులైపోతుంది. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఇంకా పైకి వస్తుందని కూడా గుర్తుంచుకోండి. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే అసలు తవ్వకండి, ఆలివ్ రిడ్లీ గూళ్లు ఇంచుమించు ఇదే లోతులో ఉంటాయి.

అందరినీ కొనమని అనలేను. మేం ముగ్గురం వెళ్తాం, ఒకరు తవ్వుతుంటే ఒకరు తాడు పడతారు. ఒక్కరే వెళ్లేవాళ్లకి, అందులోనూ నడుం నొప్పి ఉన్నవాళ్లకి, చీకటి పడేలోపు ఇన్ని గుంటలు తీయడం శిక్షే. గాలి లేని సీజన్లో ఒక్క పూట నీడ కోసం అయితే ఒడ్డుకి కొట్టుకొచ్చిన లావుపాటి కర్రని తాడుకి అడ్డంగా పాతినా అదే పని చేస్తుంది. నా మటుకు నేను ఇంకో సెట్టు కొంటాను, కాకపోతే ఈసారి పట్టీలు మూలల దగ్గర ఆగిపోకుండా గుడ్డ అడుగు నుంచి చుట్టి వచ్చేలా కుట్టినవి చూసి.