ఈ నగరానికి ఏమైంది: గోవాకన్నా ఆ నలుగురే ముఖ్యం

దర్శకుడు తరుణ్ భాస్కర్ రెండో సినిమా ఇది, 2018లో వచ్చింది. ఒకప్పుడు షార్ట్ ఫిల్ములు తీయాలనుకున్న నలుగురు హైదరాబాదీ కుర్రాళ్లు తాగిన మైకంలో గోవా చేరతారు. కథ అంతే. బలమంతా మాటల్లో ఉంది. పంచ్ కోసం ఎవరూ ఆగరు. ఒకడి మాట పూర్తి కాకముందే ఇంకొకడు అందుకుంటాడు. అందుకే ఫోన్ స్పీకర్‌లో చూస్తే సగం జోకులు జారిపోతాయి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.

ఆ నలుగురిలో విశ్వక్ సేన్ చేసిన వివేక్ పెద్దగా నవ్వడు. ప్రేమలో తిన్న దెబ్బ కోపంగా మారి, స్నేహితుల మీదే పడుతుంటుంది. ఆ బిగువు ఉండబట్టే అభినవ్ గోమఠం కౌశిక్‌గా విసిరే ప్రతి మాటా పేలుతుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఉప్పి, డబ్బింగ్ చెప్పుకునే కౌశిక్: కల పక్కనపెట్టి దాని అంచునే బతుకుతున్నవాళ్లు. ఈ పరిశీలన నాకెంతో ఇష్టం.

రెండో సగంలో షార్ట్ ఫిల్మ్ వ్యవహారం మొదలయ్యాక వేగం తగ్గుతుంది. అమ్మాయిల పాత్రలకు చోటు తక్కువ, అది నిజమైన లోటే. వివేక్ సాగర్ సంగీతం మాత్రం ఎక్కడా మాటలకు అడ్డురాదు. తాగుడు, బూతులు ఎక్కువ. పిల్లలతో కూర్చుని చూడకండి.