ఆరు మొక్కల సెట్టులో నీటి మొక్కలు నాలుగే

అక్వేరియంలో నిజమైన మొక్కలు పెంచాలంటే పెద్ద లైట్లు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు ఉండి తీరాలని చెప్పి ప్లాస్టిక్ మొక్కలు అంటగట్టే దుకాణాలే ఎక్కువ. అందుకే విజయవాడలో నేను చేపల మేత కొనే చోట ‘తక్కువ వెలుతురు మొక్కలు, ఆరు రకాలు, 650 రూపాయలు’ అన్న అట్టముక్క చూడగానే సెట్టు తీసుకున్నాను. మా తొట్టి పొడవు 18 అంగుళాలు, వెడల్పు 10, ఎత్తు 12; అంచుదాకా నింపితే 35 లీటర్లు. హాలు కిటికీకి ఎదురుగా పక్క అపార్ట్‌మెంట్ గోడ ఉండటంతో అక్కడ తులసి కూడా బతకలేదు. తొట్టి మూతకు ఉన్న చిన్న ఎల్‌ఈడీ పట్టీ తప్ప వేరే వెలుతురు లేదు. మొక్కలు పెట్టి ఏడాది దాటింది కనుక ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది అనూబియాస్ నానా. ఆఫ్రికా పశ్చిమ తీర దేశాల అడవుల్లో, వాగుల ఒడ్డున, చెట్ల నీడలో పెరిగే జాతి ఇది. మా హాలు మసక దానికి కొత్తేమీ కాదు. ఆకులు దళసరిగా, ముదురు పచ్చగా ఉంటాయి; గోల్డ్ ఫిష్ లాంటి తిండిపోతులు కూడా వీటి జోలికి పెద్దగా పోవు. కాండం అల్లం కొమ్ములా అడ్డంగా పాకుతుంది. ఆ కొమ్మును ఇసుకలో పాతితే కుళ్ళుతుంది, పైకే ఉండాలి. దుకాణంవాళ్ళు దాన్ని ఒక నల్లరాయికి నూలు దారంతో చుట్టి ఇచ్చారు. ఈ ఒక్క పనికే వాళ్ళకు సగం మార్కులు వేస్తాను. దారం చివికిపోయేలోగా వేళ్ళు రాయిని పట్టేశాయి. నెలకు ఒక కొత్త ఆకు వేసిందంటే గొప్పే. తొందరపడేవాళ్ళకు ఈ మొక్క సరిపడదు. ఆకు ఎదుగుదల అంత నిదానం కాబట్టి వెలుతురు ఎక్కువైతే దాని మీద పాచి పేరుకుంటుంది. లైటుకు నేరుగా కింద కాకుండా ఒక మూలకు జరిపి పెట్టాలి. రోజుకు ఆరేడు గంటల లైటు చాలు. ప్లగ్గుకు టైమరు తగిలించాను, ఎందుకంటే మా ఇంట్లో ఏ లైటునైనా వేసేవాళ్ళే గానీ ఆర్పేవాళ్ళు లేరు.

జావా ఫెర్న్ కూడా అదే తరహా, రాయికో కర్రకో కట్టాలి. ముదురు ఆకుల వెనక నల్లని చుక్కలు వస్తే చీడ అనుకుని తుంచేయకండి, అవి విత్తనాల్లా పనిచేసే సిద్ధబీజాల గుంపులు. ఆకు చివరే పిల్లమొక్కలు మొలుస్తాయి. ఒకటి కొంటే ఇంకొకరికి పంచవచ్చు. జావా నాచు గురించి చెప్పేదేమీ లేదు, ఎక్కడ పడేసినా పెరుగుతుంది. గప్పీ చేపల పిల్లలు దాక్కోవడానికి మంచిది. కత్తిరించకపోతే ఫిల్టరులో ఇరుక్కుంటుంది, అంతే.

నాలుగోది శ్రీలంక నుంచి వచ్చిన క్రిప్టోకోరైన్ వెండ్టి. తొట్టిలో పెట్టిన కొద్ది రోజులకే ఆకులన్నీ మెత్తబడి కరిగిపోయాయి. నర్సరీల్లో వీటిని చాలావరకు ఆకులు గాలిలో ఉండేలా పెంచుతారు. నీళ్ళలో ముంచగానే ఆ పాత ఆకులు పోతాయి. వేరు గట్టిగా ఉంటే అక్కడినుంచే నీటికి అలవాటైన కొత్త ఆకులు వస్తాయి, మాకూ వచ్చాయి. సెట్టులో ఇసుకలో పాతాల్సిన మొక్క ఇదొక్కటే. వేళ్ళ దగ్గర ఎరువు బిళ్ళ గుచ్చితే బాగా కోలుకుంటుంది. ఈ సంగతి చీటీ మీద రెండు ముక్కలు రాసి ఇవ్వడానికి దుకాణానికి ఏమి బరువో అర్థం కాదు. చచ్చిందనుకుని ఎంతమంది పారేసి ఉంటారో!

ఇక మిగిలిన రెండింటిలో ఒకటి లక్కీ బాంబూ, రెండోది ఊదారంగు ఆకుల హెమిగ్రాఫిస్. రెండూ నేల మొక్కలే. లక్కీ బాంబూ వెదురు కూడా కాదు, డ్రసీనా జాతి. వేళ్ళు నీళ్ళలో, ఆకులు బయట ఉంటే హాయిగా బతుకుతుంది. నిలువునా ముంచితే కొన్నాళ్ళు పచ్చగా నటించి తర్వాత కుళ్ళుతుంది. కుళ్ళు వల్ల నీళ్ళలో అమ్మోనియా పెరిగితే నష్టపోయేది చేపలు. వెనక్కి తీసుకెళ్ళి అడిగితే కౌంటరులోని కుర్రవాడు, “మేడమ్, మా తొట్టిలో కూడా ఇవే ఉన్నాయి, చూడండి” అన్నాడు. “ఉన్నాయి బాబూ, పోయిన నెల ఉన్నవి ఇవేనా?” అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. బాంబూను సీసాలో, రెండోదాన్ని కుండీలో పెట్టుకున్నాను.

కాలువలో ఉచితంగా దొరికేదానికి డబ్బులెందుకని మా ఆయన మొదటినుంచీ సణుగుడే. మాట నిజమే, కృష్ణా కాలువల్లో హైడ్రిల్లా బోలెడు. చాలా తక్కువ వెలుతురుకే పెరుగుతుంది కూడా. కానీ దానితోపాటు తూనీగ పిల్లపురుగులు వస్తే గప్పీ పిల్లల్ని మింగేస్తాయి. పైగా ఇంత చిన్న తొట్టిలో దాన్ని అదుపు చేయడమంటే రోజూ కత్తెర పట్టుకు కూర్చోవడమే. నత్తల బెడద మాత్రం కొన్న మొక్కలకూ తప్పలేదు; ఆకుల వెనక జిగురుగా గుడ్లు ఉన్నాయి. పటిక నీళ్ళలో కొన్ని గంటలు నానబెట్టి కడిగితే చాలావరకు పోయాయి.

నా లెక్కలో ఈ సెట్టుకు ఐదుకు మూడు. అడిగితే విడివిడిగా కూడా ఇస్తారు: అనూబియాస్ 220, ఫెర్న్ 150, క్రిప్టో 100, నాచు 80. కలిపితే 550, అంటే సెట్టు కన్నా వంద తక్కువకు నాలుగు నీటి మొక్కలూ వస్తాయి. సరుకు శుక్రవారం దిగుతుందని చెప్పారు. శనివారం పొద్దున వెళ్ళి, కొమ్మును వేలితో నొక్కి చూసి, గట్టిగా ఉన్నదే తీసుకోండి.