పందిరికి 8×100 స్క్రూలు: జింక్ పూతవా, స్టీలువా?

హన్మకొండలో డాబా మీద పందిరి వేయాలంటే ముందు కోతుల సంగతి చూసుకోవాలి, ఎండా వానా తర్వాతి మాట. ఓ మంద వచ్చి మల్లెతీగ మీద ఊగిపోయిందంటే మేకులు కొట్టిన పందిరి కిర్రుమనడం మొదలుపెడుతుంది. నాది వడ్ల పని, అంటే వడ్రంగం. సుబేదారిలో ఈ మధ్య వేసిన పందిరికి మేకులు పూర్తిగా మానేసి, ఆరు పలకల తల ఉన్న 8×100 స్క్రూలు వాడాను. అంటే 8 మిల్లీమీటర్ల లావు, 100 పొడవు. షాపులో కోచ్ స్క్రూ అనో లాగ్ స్క్రూ అనో అడగాలి. 13 నంబర్ పానా పడుతుంది.

మేకు పక్క బరువును బాగానే ఆపుతుంది, పైకి లాగితేనే జారుతుంది. మే నెల ఎండకు కర్ర కుంచించుకుపోయి, వానల్లో మళ్లీ ఉబ్బుతుంది. ఆ ఊపుకు మేకు కొంచెం కొంచెం లేస్తుంది. స్క్రూకి మర పట్టు ఉంటుంది. వదులైనా పానాతో అర చుట్టు తిప్పితే సరి. వానలు తగ్గాక వెళ్లి చూస్తే, ఒక మూల వాసం దగ్గర తప్ప ఎక్కడా పానా పెట్టే అవసరం రాలేదు.

అయితే ఈ స్క్రూ పట్టంతా మనం వేసే బెజ్జంలోనే ఉంది. మర పై దాకా ఉండదు. తల కింద దాదాపు 40 మిల్లీమీటర్లు నున్నగా ఉండి, మిగతాదే మర. రెండు అంగుళాల వాసంలోంచి దించితే ఓ సెంటీమీటరు మర వాసంలోనే ఉండిపోతుంది. వాసానికి 8 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో బెజ్జం వేయకపోతే మర అక్కడా పట్టుకుంటుంది, వాసానికీ దూలానికీ మధ్య సందు ఎంత తిప్పినా మూసుకోదు. దూలానికి మాత్రం 6 బిట్. మాది నల్లమద్ది కాబట్టి 6, మామిడి లాంటి మెత్తటి కర్రకు 5 చాలు. మరకు కొవ్వొత్తి రుద్దితే సాఫీగా దిగుతుంది. మిషన్‌తో చాలావరకు దించి, చివరి చుట్లు చేత్తో తిప్పాలి. వాషర్ కర్రలోకి కాస్త దిగబడగానే ఆపేయాలి. ఇంకా బిగిస్తే లోపల కర్ర తెగి మర ఊరికే తిరుగుతుంది, ఇక ఆ బెజ్జం వదులుకోవాల్సిందే.

ఇంటాయనకు చెప్పే ఒక వైపు జింక్ పూతవి, ఇంకో వైపు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టాను. జింక్ డబ్బా మీద తుప్పు పట్టదని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. తొలి వానలకే తలల అంచుల్లో, పానా రాసుకున్న చోట ఎర్రబడింది. నల్లమద్ది వగరు కర్ర, తడిలో ఇనుము తగిలితే నల్ల మరక కారుతుంది. ఆ వైపు వాసాలన్నిటికీ మరకలే. స్టీలు వైపు శుభ్రంగా ఉంది. ధర రెండింతల పైనే, అయినా బయటి పనికి అవే కొనండి. జింక్‌వి ఇంటి లోపలికి బాగుంటాయి. స్టీలుతో ఒక జాగ్రత్త: గట్టి కర్రలో బలవంతంగా తిప్పితే తెగుతుంది. ముందు అదే సైజు ఇనుప స్క్రూ దించి, తీసి, ఆ దారిలో స్టీలుది పెట్టాలి.

బరువు మోసే చోట జిప్సం బోర్డుల నల్ల స్క్రూలు మాత్రం దయచేసి వాడకండి. గట్టివే కానీ వంగవు, పక్క బరువు పడితే తల టప్పున ఎగిరిపోతుంది.

పని చూసి ఇంటాయన, "అన్నా, పిల్లల ఉయ్యాల కూడా వీటికే వేలాడదీద్దామా?" అన్నాడు. వద్దన్నాను. నెత్తి మీద నుంచి కిందికి లాగే బరువును ఒక్క మర మీదే వదలకూడదు. దూలానికి ఆర్‌పార్ బెజ్జం వేసి, పైన పెద్ద వాషర్, రెండు నట్లతో బోల్టు కొక్కెం బిగించాను.