‘శాశ్వత లైసెన్స్’ అన్న మాట చూసి కొనకండి: సంగీత ప్లగిన్లు కొనేవారికి ఒక హెచ్చరిక

పాటలు రికార్డు చేసుకోవడానికి ప్లగిన్లు (రికార్డింగ్ ప్రోగ్రాములో చేరి ధ్వనిని పుట్టించే లేదా మార్చే చిన్న ప్రోగ్రాములు) కొనాలనుకుంటున్నవారు, ముఖ్యంగా పది పన్నెండు ప్లగిన్లను కట్టగా కలిపి తగ్గింపు ధరకు ఇస్తున్నారని తొందరపడుతున్నవారు, డబ్బు కట్టే ముందు నాకు జరిగింది ఒకసారి చదవాలని మనవి. నాలుగేళ్ల క్రితం నేను అలాంటి కట్ట ఒకటి కొన్నాను. అమ్మకపు పేజీలో పెద్ద అక్షరాలతో ‘శాశ్వత లైసెన్స్’ అని ఉంది. నెలనెలా చందా కట్టే బాధ లేదు, ఒక్కసారి చెల్లిస్తే చాలు అన్నదే నన్ను కొనిపించిన మాట. అది అబద్ధమని ఇప్పటికీ నేను అనలేను. కాకపోతే ఆ శాశ్వతం నాదో, అమ్మిన సంస్థ సర్వరుదో ఆ రోజు అడగలేదు.

కట్టలోని ఒక రివెర్బ్ (గదిలో మారుమోగినట్టు ప్రతిధ్వనిని జోడించేది), తీగ వాద్యాల శాంపిల్ వాయిద్యం (ముందే రికార్డు చేసిన వాద్యాల ధ్వనులను మోగించేది) ఒకటి నిజంగానే బాగున్నాయి. మూడేళ్లలో వాటిని పదకొండు పాటల్లో వాడాను. పోయిన సంవత్సరం పాత కంప్యూటర్ మదర్‌బోర్డు కాలిపోవడంతో కొత్తది కొనుక్కున్నాను. సరిగ్గా అదే సమయంలో, పాటలను విడుదల చేసే సంస్థవారు అందులో ఒక పాటకు డాల్బీ అట్మాస్ మిక్స్ (ధ్వనులు శ్రోత చుట్టూ వినిపించేలా కూర్చిన రూపం) కావాలని అడిగారు. 2021 జూన్‌లో ఆపిల్ మ్యూజిక్ అట్మాస్ పాటలను వినిపించడం మొదలుపెట్టాక ఇలాంటి కోరికలు ఎక్కువయ్యాయి. ముగిసిపోయిందనుకున్న పాట మళ్లీ తలుపు తడుతోంది. అట్మాస్‌కు మన దగ్గరున్న రెండు ఛానళ్ల మాస్టర్ (ఎడమ, కుడి స్పీకర్ల కోసం అన్నీ కలిపేసిన చివరి ఫైలు) సరిపోదు. గొంతు, తాళం, తీగ వాద్యాలు దేనికది విడిగా ఉంటేనే వాటిని శ్రోత చుట్టూ అమర్చగలం. అంటే పాత సెషన్‌ను (ట్రాకులన్నీ విడివిడిగా ఉన్న ప్రాజెక్టు ఫైలును) తెరవక తప్పదు.

తెరిచాను. మొదట వచ్చింది దొరకని ప్లగిన్ల జాబితా. దాన్ని మూసి పాట నడిపిస్తే, గొంతు గదిలో కాక గుడ్డల అలమారలో పాడినట్టు పొడిగా వినిపించింది, ఎందుకంటే రివెర్బ్ లేదు. తీగ వాద్యాల ట్రాక్ పూర్తిగా మౌనం. విచిత్రమేమిటంటే ఆ ట్రాక్‌లో స్వరాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి; ఏ మీట, ఎంత బలంగా, ఎంతసేపు నొక్కానో తెరమీద స్పష్టంగా కనిపిస్తోంది. ఆ సమాచారాన్ని మోసే మిడి ప్రమాణం 1983లో వచ్చింది, నలభై ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు. అయితే మిడి మోసేది సూచనలను మాత్రమే, ధ్వనిని కాదు. ధ్వని ఇవ్వవలసిన ప్లగిన్ నాలుగేళ్లైనా నిండకుండానే చేతులెత్తేసింది.

మళ్లీ ఇన్‌స్టాల్ చేసి యాక్టివేట్ చేయబోతే, అంటే సంస్థ సర్వర్ దగ్గర లైసెన్సును నమోదు చేయించబోతే, అసలు కథ మొదలైంది. ఒక లైసెన్సును రెండు కంప్యూటర్ల మీద వాడవచ్చు. ఒకటి నా పాత ల్యాప్‌టాప్, ఎప్పుడో అమ్మేశాను. రెండోది కాలిపోయిన యంత్రం. వాటిని జాబితా నుంచి తొలగించాలంటే ఆ యంత్రాల్లోనే ప్రోగ్రాము తెరిచి తొలగించాలట, వెబ్ ఖాతాలో ఆ వీలు లేదు. ఈ లోగా ప్లగిన్లు అమ్మిన సంస్థను మరొకరు కొనేశారు. కొత్త యజమానుల నుంచి మూడు వారాల తర్వాత వచ్చిన జవాబులో, పాత వెర్షన్‌కు యాక్టివేషన్ సేవ ఆపేశామని, కొత్త వెర్షన్‌ను ‘అప్‌గ్రేడ్ ధరకు’ తీసుకోవచ్చని రాశారు. పోనీ అదీ కొందామని విచారిస్తే, కొత్త వెర్షన్‌ను సెషన్ వేరే ప్లగిన్‌గానే గుర్తిస్తుంది కాబట్టి పాత సెట్టింగులు వాటంతట అవి రావని తేలింది. లైసెన్సు షరతులు అప్పుడు తీరికగా చదివాను. అనుమతి ‘ఈ వెర్షన్‌కు’ మాత్రమేనని, యాక్టివేషన్ సేవను ఎప్పుడైనా నిలిపివేసే హక్కు తమకు ఉందని పదిహేడో పేరాలో ఉంది.

ఇందులో సంస్థలందరిదీ మోసమని నేను అనడం లేదు. ప్లగిన్ కింద నేల నిజంగానే కదులుతూ ఉంటుంది. సంగీత సాఫ్ట్‌వేర్ సంస్థ స్టైన్‌బర్గ్ 1996లో, ప్లగిన్లను రికార్డింగ్ ప్రోగ్రాములతో కలిపే వీఎస్‌టీ పద్ధతిని తెచ్చింది, 2008లో వీఎస్‌టీ 3 వచ్చింది, 2018లో వీఎస్‌టీ 2 తయారీ కిట్‌ను ఇవ్వడం మానేసింది. 2019లో వచ్చిన ఆపిల్ ఆపరేటింగ్ సిస్టమ్ మాక్‌ఓఎస్ కాటలీనా పాత తరహా 32 బిట్ ప్రోగ్రాములను నడపడం మానేసింది. మరుసటి ఏడాది నవంబరులో ఆపిల్ ఇంటెల్ ప్రాసెసర్ల బదులు సొంత ఎమ్1 ప్రాసెసర్లతో మాక్‌లు అమ్మడం మొదలుపెట్టింది. ప్రతి మలుపులోనూ పాత ప్లగిన్‌ను తిరగరాయడానికి మనుషులు, డబ్బు కావాలి, చిన్న సంస్థలకు అది భారమే. అయినా భారం మోయలేమని తెలిసినవారు ‘శాశ్వత’ అని రాయకూడదు. చందా పద్ధతి నయమా అంటే, కట్టడం ఆపిన రోజే ప్లగిన్ ఆగిపోతుందని అక్కడ కనీసం ముందే తెలుస్తుంది. నాకైతే రెండూ నచ్చవు.

ఇప్పుడు నేను కొనే ముందు చూసేవి చెబుతాను. ఇంటర్నెట్ లేకుండా, ఒక ఫైలు ద్వారా యాక్టివేట్ చేసుకునే వీలుందా అన్నది మొదటి ప్రశ్న. ట్రయల్ గడువులోనే నెట్ తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, పాట తెరిచి చూస్తాను. కొన్ని ప్లగిన్లు తెరుచుకుంటాయి, కొన్ని కొన్నాళ్లకోసారి సర్వర్‌ను పలకరించందే ఊరుకోవు. చెడిపోయిన యంత్రాన్ని వెబ్ ఖాతా నుంచే తొలగించగలమా అన్నది రెండోది, నన్ను ముంచింది ఇదే. పాత వెర్షన్ల ఇన్‌స్టాలర్లు దించుకోవడానికి ఇంకా ఉంచారా, లేక తాజాది ఒక్కటే ఉందా అని కూడా చూస్తాను, ఎందుకంటే పాత కొనుగోలుదారును ఎలా చూస్తారో ఆ ఒక్క పేజీ చెప్పేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన పని ప్లగిన్‌తో సంబంధం లేనిది. పాట పూర్తయిన రోజే ప్రతి ట్రాక్‌నూ మొదటి బార్ (పాట తొలి ఆవర్తం) నుంచే మొదలయ్యేలా, ఎఫెక్ట్‌తో ఒకటి, ఎఫెక్ట్ లేకుండా ఒకటి, సాదా వేవ్ ఫైళ్లుగా బౌన్స్ చేసి (ధ్వని ఫైళ్లుగా మార్చి) దాచుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక స్టీరియో ట్రాక్ నిమిషానికి సుమారు 17 మెగాబైట్లు తీసుకుంటుంది. నాలుగు నిమిషాల పాట, ముప్పై ట్రాకులు అంటే రెండు గిగాబైట్లు, రెండు విధాలా దాచినా నాలుగు. వేవ్ ఫైలుకు లైసెన్సు అక్కర్లేదు, ఏ సర్వర్ అనుమతీ అక్కర్లేదు. నా సెషన్‌లో చక్కగా మోగిన వాయిద్యం పియానో ఒక్కటే. అందుకు కారణం నా ముందుచూపు కాదు. పాత కంప్యూటర్‌కు శక్తి చాలక అప్పట్లో ఆ ట్రాక్‌ను ఫ్రీజ్ చేశాను, అంటే అది అప్పటికే ధ్వని ఫైలుగా మారి ప్రాజెక్టు ఫోల్డరులో కూర్చుని ఉంది.

చివరకు తీగ వాద్యాలను వేరే వాయిద్యంతో మళ్లీ మోగించి, వేరే రివెర్బ్ వేసి, అట్మాస్ మిక్స్ పంపించాను. విడుదల చేసేవారికి తేడా తెలియలేదు. నాకు తెలుస్తూనే ఉంది. మిగిలిన పది పాటల సెషన్లను ఒక్కొక్కటే తెరిచి, ఏవి మోగుతున్నాయో, ఏవి మోగడం లేదో రాసుకుంటున్నాను. ఆ కట్ట అమ్మకపు పేజీ ఇంకా ఉంది. యజమాని పేరు మారింది, బొమ్మలు మారాయి, ‘శాశ్వత లైసెన్స్’ అన్న మాట మాత్రం అవే పెద్ద అక్షరాలతో అక్కడే ఉంది. ఈ వారం దాని మీద తగ్గింపు కూడా పెట్టారు.