ఉప్పు ఎక్కడ కొంటారు? వెలివేసిన వైద్యురాలిగా నాలుగేళ్లు ఆడాక

పగలు విజయవాడ సూర్యారావుపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆదివారం సాయంత్రం నాలుగు దాటితే సత్యనారాయణపురంలో మా అన్నయ్య వాళ్ల మేడ మీది గదిలో ఇప్పని. ఇప్ప నేను ఆడే ఆటలో నా పాత్ర, ఒక అడవి తెగలో పుట్టింది. చచ్చిపోయినవాళ్ల ఆత్మలను పిలిచి బతికున్నవాళ్ల రోగాలు కుదురుస్తుంది. సొంత తెగవాళ్లే ఆమెను వెలేశారు. 2021 ఆగస్టులో మూడో లెవెల్‌తో మొదలుపెట్టాను, ఇప్పుడు పదకొండో లెవెల్‌లో ఉంది. ఆట పేరు డంజియన్స్ అండ్ డ్రాగన్స్, 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్. ఇలాంటి పాత్ర బాగుంటుందా అని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. బాగుంటుంది. కానీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఆడితే ఆరు నెలల్లో విసుగొస్తుంది. నాకు వచ్చింది.

ఈ ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్తాను. కంప్యూటర్ అక్కర్లేదు. ఒకరు డంజియన్ మాస్టర్‌గా కూర్చుని లోకాన్ని నడిపిస్తారు, మా ఆటలో అది అన్నయ్య. మిగతావాళ్లం తలా ఒక పాత్ర. ఏ పని చేయాలన్నా నోటితో చెప్పి 20 ముఖాల పాచిక వేయాలి. సెట్టులో ఏడు పాచికలుంటాయి. చిన్న బొమ్మలు పెట్టి పోరాటం ఆడొచ్చు అంటారు. మేం మొదట్లో ఇంట్లో ఉన్న కొండపల్లి బొమ్మలే పెట్టాం. అంగుళం గడిలో పట్టాల్సిన చోట అంబారీ ఏనుగు నాలుగు గడులు తినేసేది. దాన్నే రాక్షసుణ్ణి చేసుకున్నాం.

ఇప్ప కోసం నేను తీసుకున్నది డ్రూయిడ్ క్లాసు, అంటే ప్రకృతి శక్తితో మంత్రాలు వేసే రకం పాత్ర. అందులో షెపర్డ్ సర్కిల్ అనే శాఖ. ఇది మొదటి పుస్తకంలో ఉండదు, 2017లో వచ్చిన జానథార్స్ గైడ్ టు ఎవ్రీథింగ్‌లో ఉంది. రెండో లెవెల్‌కే ఒక ఆత్మను పిలిచే శక్తి ఇస్తారు. ఎలుగుబంటి, డేగ, ఒంటికొమ్ము గుర్రం, ఈ మూడింటిలో ఒకటి. అది వచ్చినచోట చుట్టూ ముప్పై అడుగుల మేర ఒక నిమిషం పాటు పనిచేస్తుంది. ఎలుగు వస్తే మనవాళ్లకు కాస్త కవచంలాంటి అదనపు ప్రాణం (ప్రాణం అంటే దెబ్బ తగిలితే తగ్గే పాయింట్లు). గుర్రం వస్తే, నేను ఒకరికి వైద్యం చేసినా ఆ మేరలో ఉన్న మనవాళ్లందరికీ నా లెవెల్ అంత ప్రాణం తిరిగొస్తుంది. అంటే ఇప్పుడు ఒకరికి మందేస్తే తలా పదకొండు. లెక్కల్లో చూస్తే ఇంతకన్నా లాభసాటి వైద్యం ఈ ఎడిషన్‌లో నాకు కనపడలేదు.

మా కథ జరిగే కల్పిత లోకం పేరు ఫర్గాటెన్ రెల్మ్స్. అందులో ఉత్తరాన ఉత్‌గార్ట్ అనే తెగలున్నాయి. 2015లో వచ్చిన స్వోర్డ్ కోస్ట్ అడ్వెంచరర్స్ గైడ్‌లో ఆ తెగ మనిషిగా ఆడటానికి ఒక నేపథ్యం కూడా ఇచ్చారు. వాళ్లలో నాకు నచ్చింది ట్రీ ఘోస్ట్ తెగ. నీలి ఎలుగు తెగ నుంచి విడిపోయి, గ్రాండ్‌ఫాదర్ ట్రీ అనే మహావృక్షాన్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. ఈ పేరు వినగానే మా వదిన, "ఓహో, చింతచెట్టు దయ్యాలన్నమాట" అంది. నాలుగేళ్లయింది, మా టేబుల్ మీద ఇప్పటికీ వాళ్లు చింతచెట్టోళ్లే.

మొదటి ఇప్పను తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మెడలో పుర్రెల దండ, మొహాన సున్నపు చారలు, మాట్లాడితే సగం అరుపులు. సినిమాల్లో విలన్ దాక్కునే అడవిలో కనిపించే మనుషులుంటారే, అచ్చం అలాగే. మా గుంపులో పాడేరు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముడొకడు ఉన్నాడు. మూడో వారమో నాలుగో వారమో, మంచి పోరాటం మధ్యలో, మెల్లగా అడిగాడు: "అక్కా, మీ తెగవాళ్లు ఉప్పు ఎక్కడ కొంటారు?"

నా దగ్గర జవాబు లేదు. మనిషన్నాక ఉప్పు కావాలి. అడవిలో ఉప్పు పండదు. సంతకు దిగాలి. సంతలో కొనాలంటే తేనో చింతపండో ఏదో ఒకటి అమ్మాలి, తూకంలో మోసం జరిగితే నోరు పెట్టుకుని అడగాలి. పుర్రెల దండతో వెళ్తే ఎవడు అమ్ముతాడు? ఆ రాత్రి ఇంటికెళ్లి, పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్ అంతా కొట్టేసి మళ్లీ రాశాను. ఇప్ప వారానికోసారి సంతకు వెళ్లే మనిషైంది. బేరమాడటం వచ్చింది. అప్పుడే ఇంకోటి కూడా అర్థమైంది. వెలి అంటే కథలో రాసుకునే బాధ కాదు, ఆ సంతలో తనవాళ్లే తన పక్క నుంచి చూడనట్టు వెళ్లిపోవడం. ఈ సంగతి ఏ రూల్ పుస్తకమూ చెప్పలేదు.

ఎందుకు వెలేశారన్నది చాలాకాలం తేలలేదు. మంత్రగత్తె అని నింద వేశారు అని రాయబోతే తమ్ముడు వద్దన్నాడు. చేతబడి అనుమానంతో నిజంగానే మనుషుల్ని చంపేస్తున్న వార్తలు చదువుతూనే ఉన్నాం, దాన్ని ఆటలో మసాలాగా వాడబుద్ధి కాలేదు. కారణం చివరికి మా పెద్దమ్మ ఇచ్చింది. ఆవిడకు ఈ ఆట ఏంటో తెలీదు. టీ పట్టుకుని మేడెక్కినప్పుడల్లా, ఎవరో ఒకరు గొంతు మార్చి మాట్లాడుతుంటే, పూనకాలేవో వస్తున్నాయేమో అని గుమ్మంలోనే నిలబడేది. ఒకరోజు నేను మందు గురించి ఏదో చెబుతుంటే విని, "నాటుమందు పేరు బయటపెడితే పనిచెయ్యదే పిచ్చిదానా, మా ఊళ్లో కామెర్ల మందు ఇచ్చే ఆయన సొంత కొడుక్కి కూడా చావుబతుకుల్లో ఉన్నప్పుడే చెప్పాడు" అంది.

అంతే. ఇప్ప చేసిన తప్పు అదే. పక్క తెగ పిల్లకు జ్వరం మందు నేర్పింది. ఆ తర్వాత ఏడాది సొంత తెగలో ఆ మందు పనిచేయలేదు, ముగ్గురు పోయారు. అది నిజంగా ఆమె వల్లేనా, లేక ఆ ఏడు వచ్చిన జ్వరమే వేరా అన్నది అన్నయ్య ఇంతవరకూ చెప్పలేదు. నేనూ అడగలేదు. రక్తం చుక్క తీసి స్లైడ్ మీద చూస్తే తేలిపోయే విషయం అని ల్యాబ్‌లో ఉన్న నాకు తెలుసు. ఇప్పకు తెలీదు. ఈ పాత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

ఇక రూల్స్‌తో నాకున్న తగాదా. ఈ ఆటలో వైద్యం మరీ చవక. మనిషి ప్రాణం సున్నాకు పడి నేల కూలితే, అరవై అడుగుల దూరం నుంచి హీలింగ్ వర్డ్ అని ఒక్క మాట అనొచ్చు, నాలుగు ముఖాల పాచిక ఒకటి వేస్తే లేచి కత్తి దూస్తాడు. మళ్లీ పడతాడు, మళ్లీ లేపుతాం. ఒక పోరాటంలో వదిన పాత్ర నాలుగుసార్లు పడి నాలుగుసార్లు లేచింది. ఐదోసారి ఎవరూ కంగారు కూడా పడలేదు. పోనీ పోరాటం అయ్యాకైనా వైద్యురాలి అవసరం ఉంటుందా అంటే, ఎనిమిది గంటలు పడుకుంటే పోయిన ప్రాణమంతా తిరిగొచ్చేస్తుంది. జబ్బులైతే ఇంకా అన్యాయం. లెసర్ రెస్టొరేషన్ అనే మంత్రంతో ఏ జబ్బైనా ఒక్క రౌండులో పోతుంది. రౌండు అంటే ఆరు సెకన్లు. బ్లడ్ కల్చర్ రిపోర్టుకు ఐదు రోజులు ఆగండి అని రోజూ చెప్పే ఉద్యోగం నాది. నవ్వుకుని ఊరుకున్నాను, 2024 సెప్టెంబరు దాకా.

ఆ నెల ఒకటో తారీఖున బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీదికొచ్చింది. మా గుంపులో ఒకతని ఇల్లు అక్కడే, కింది అంతస్తు. వాళ్లు మేడ మీద రోజుల తరబడి ఉన్నారు. మూడేళ్ల ఆట అంతా రాసుకున్న నోట్‌బుక్ అతని దగ్గరే ఉండేది, బురదలో పోయింది. రెండు నెలలు ఆట లేదు. నీళ్లు తగ్గాక జ్వరాలు మొదలయ్యాయి, నాకు ఇల్లు చేరే టైమే ఉండేది కాదు. నవంబరులో మళ్లీ కూర్చున్న రోజు కథలో ఒక ఊరంతా జ్వరం. నా దగ్గర లెసర్ రెస్టొరేషన్ రెడీగా ఉంది. వేయాలనిపించలేదు. "అన్నయ్యా, ఈ మంత్రం జబ్బును పోగొట్టదు, ఏ జబ్బో చెప్తుంది అంతే అని మార్చుకుందాం" అన్నాను. మార్చాడు. ఆ ఊళ్లో మూడు వారాల ఆట జరిగింది. నీళ్లు కాచి తాగమని చెప్పడానికి ఒకసారి పాచిక, ఊరిపెద్ద వినడానికి ఇంకోసారి పాచిక. కత్తి బయటికి రాలేదు. నాలుగేళ్లలో మేం బాగా ఆడిన మూడు వారాలు అవే.

విశ్రాంతి రూల్ కూడా మార్చాం. ఇది మా సొంతం కాదు, డంజియన్ మాస్టర్స్ గైడ్‌లోనే గ్రిటీ రియలిజం అని ఒక పద్ధతి ఉంది. చిన్న విశ్రాంతి ఎనిమిది గంటలు, పెద్దది ఏడు రోజులు. దీంతో ఇప్ప ఆత్మను రాత్రికి ఒక్కసారే పిలవగలదు. పిలవాలా వద్దా అని ఆలోచించాల్సి వచ్చింది. పోరాటాలంటే ప్రాణమిచ్చేవాళ్లకు ఇది నచ్చదు, మా గుంపులో ఒకతను ఇప్పటికీ సణుగుతాడు.

ఆత్మల సంగతి. పుస్తకంలో అవి మాట్లాడవు. వచ్చి నిలబడతాయి, మనం ప్రాణం లెక్క రాసుకుంటాం, నిమిషం అయ్యాక పోతాయి. సీలింగ్ ఫ్యాన్ వేసినట్టు. సవర అనే గిరిజన తెగలోని ఒక పాత ఆచారం గురించి విన్నాక ఇది మరీ చప్పగా అనిపించింది. అందులో చనిపోయినవాళ్లు పూజారిణి నోట మాట్లాడేవాళ్లట, ఇంటివాళ్లు వాళ్లతో వాదించేవాళ్లు, ఏడ్చేవాళ్లు, పాత తగాదాలు తీసి తిట్టేవాళ్లు కూడా. ఆ ఆచారాన్ని తెచ్చి ఇప్పకు అంటించలేదు, అది వాళ్లది. కానీ ఒక్క ముక్క పట్టుకున్నాం: వచ్చిన ఆత్మ ఊరికే పోదు, ఏదో ఒకటి అంటుంది, లేదా అడుగుతుంది. ఎలుగు ఇప్ప తాత అయ్యాడు. డేగ, ఏట్లో పోయిన తమ్ముడు. ఒంటికొమ్ము గుర్రం మాకెవరికీ నోటికి పట్టలేదు, దాన్ని మంత్రసాని ముసలమ్మగా మార్చాం. లెక్కలు అవే, మనిషి వేరు. ఒకసారి పోరాటం నడిమధ్యలో ముసలమ్మ వచ్చి "నా చుట్ట ఎక్కడ పెట్టావే?" అని అడిగింది. రెండు నిమిషాలు ఎవరం పాచిక వేయలేకపోయాం.

చచ్చినవాళ్లతో మాట్లాడే మంత్రం, స్పీక్ విత్ డెడ్, డ్రూయిడ్‌కు ఇవ్వలేదు. పూజారి రకం క్లెరిక్‌కీ, పాటగాడి రకం బార్డ్‌కీ ఉంది. ఆత్మలతో బతికే పాత్రకు ఇది లేకపోవడం ఏంటో నాకు అర్థం కాలేదు. అన్నయ్యను అడిగి ఇంకో మంత్రం వదులుకుని తీసుకున్నాను. మీరూ మొదటిరోజే అడగండి. ఐదు ప్రశ్నలే అడగొచ్చు, శవానికి నోరు ఉండాలి, నిజమే చెప్పాలని కూడా లేదు. ఇలాంటి షరతులే ఈ పాత్రకు రుచి.

చచ్చినవాళ్లను కొత్త శరీరంలో తిరిగి తెచ్చే మంత్రం, డ్రూయిడ్‌కు మాత్రమే ఉన్న రీఇన్‌కార్నేట్ గురించి చెప్పకపోతే వదిన ఊరుకోదు. ఆవిడ ఆడేది ఆరడుగుల పాలడిన్, అంటే కవచం తొడిగి పోరాడే వీరురాలు. పోయిన సంవత్సరం చచ్చిపోయింది. వెయ్యి బంగారు నాణేల విలువైన తైలాలు పోసి, గంటసేపు మంత్రం వేసి తిరిగి తెచ్చాను. కొత్త శరీరం ఏ జాతిదన్నది పాచికే తేలుస్తుంది. హాఫ్‌లింగ్ వచ్చింది, మూడడుగుల మనిషి. కవచం పట్టదు, గుర్రం ఎక్కలేదు, సొంత కోట గేటు దగ్గర కాపలావాడు లోపలికి రానివ్వలేదు. ఆ రోజు నుంచి టేబుల్ మీద వెలివేసినవాళ్లం ఇద్దరం.

నచ్చనివి ఇంకో రెండు. జంతువులను పిలిచే కంజ్యూర్ యానిమల్స్ మంత్రం వేస్తే ఎనిమిది తోడేళ్లు దిగుతాయి. ఎనిమిదింటికీ విడివిడిగా పాచికలు. నా వంతు వచ్చిందంటే మిగతావాళ్లు కిందికి వెళ్లి పునుగులు తెచ్చుకునేవాళ్లు. రెండు తోడేళ్లకు మించి పిలవనని ఒట్టేశాను. ఇంకొకటి, డ్రూయిడ్ అంటే జంతువుగా మారే శక్తి కూడా ఉంటుంది. షెపర్డ్‌కు దానివల్ల పెద్ద ఉపయోగం లేదు. నాలుగేళ్లలో ఐదారుసార్లు వాడానేమో, అందులో ఒకసారి పిల్లిగా మారింది వదిన మీద అలిగి.

డబ్బు పెట్టకుండా చూడాలంటే 2023 జనవరిలో ప్రాథమిక రూల్స్ పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా వదిలారు. అందులో షెపర్డ్ లేదు, డ్రూయిడ్‌లో ల్యాండ్ సర్కిల్ ఒక్కటే ఉంది. ఆత్మలకు మనుషుల పేర్లు పెట్టుకునే పద్ధతి దానితో కూడా కుదురుతుంది. ఎక్కువ ఖర్చు పెట్టకముందు ఒక నెల అలా ఆడి చూడమంటాను.

2024లో కొత్త పుస్తకం వచ్చింది. హీలింగ్ వర్డ్‌కు ఇప్పుడు నాలుగు ముఖాల పాచికలు రెండు, తాకి వైద్యం చేసే క్యూర్ వూండ్స్ మంత్రానికి ఎనిమిది ముఖాలవి రెండు. అంటే వైద్యం ఇంకా చవకైంది. కంజ్యూర్ యానిమల్స్ మాత్రం బాగుపడింది. ఎనిమిది తోడేళ్ల బదులు ఆత్మల మంద ఒకటే కదులుతుంది, అది ఇప్పకు అతికినట్టుంది. కానీ షెపర్డ్ ఆ పుస్తకంలో లేదు. మేం ఆ ఒక్క మంత్రం తీసుకుని మిగతాది పాతదే ఉంచుకున్నాం.

పోయిన ఆదివారం చింతచెట్టోళ్ల పిల్ల ఒకతె రాత్రిపూట, ఎవరూ చూడకుండా, ఇప్ప గుడిసె వెనక నుంచి వచ్చింది. తల్లికి జ్వరమట. ఇవ్వడానికి చేతిలో చిన్న ఉప్పు మూట తెచ్చింది. అన్నయ్య అక్కడ ఆపేశాడు. ఇప్ప దగ్గర ఆ రాత్రికి ముసలమ్మను పిలిచే వంతు అయిపోయింది. వారం నుంచి అదే ఆలోచిస్తున్నాను.